చిన్నాన్న చెప్పిన టాప్ వ్యూ

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏడాదంతా సగం మెలకువలోనే గడిపానేమో అనిపిస్తుంది. డెబ్బయ్యో దశకం చివర్లో, తగరపువలస పక్క పల్లె నుంచి వచ్చి విశాఖపట్నంలో ఇంజనీరింగులో చేరాను. అప్పటిదాకా నా చదువంతా తెలుగులోనే. క్లాసు మొత్తానికి ఆడపిల్లలం ఇద్దరమే, కిటికీ పక్క బెంచీ మాది. కిటికీలోంచి దూరంగా సముద్రం, లంగరేసిన ఓడలు కనిపించేవి. లెక్చరర్ల ఇంగ్లీషు నా చెవి దాకా వచ్చి, అక్కడే విరిగి నురగై వెనక్కి పోయేది. నేను ఓడల్ని చూస్తూ కూర్చునేదాన్ని. పొద్దున ఉన్న ఓడ మధ్యాహ్నానికి ఉండేది కాదు. అది కదిలి వెళ్ళడం మాత్రం ఒక్కసారీ నా కంటపడలేదు.

పోర్టు క్వార్టర్సులో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. పిన్నికి పిల్లల్లేరు. చిన్నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. నాలుగో తరగతితో చదువాపేసిన మనిషి, మాట తక్కువ. అక్కడ గాలిలో ఎప్పుడూ ఎర్రటి ఇనుప ఖనిజం దుమ్ము ఉండేది. పిన్ని ఎంత ఉతికినా తెల్లబట్టలు లేత ఇటుక రంగుకి తిరిగేవి. నా కాలేజీ వోణీలు కూడా అంతే. తోటి అమ్మాయి అడిగితే అసలు రంగే అదని చెప్పాను.

అన్నిట్లోకీ నన్ను ఏడిపించింది ఇంజనీరింగ్ డ్రాయింగ్. బోర్డు మీద ఒక మెట్లలాంటి దిమ్మ గీసి, దాన్ని ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో వేరువేరుగా గీయమనేవారు. ముందునుంచి చూడ్డం సరే. కూర్చున్న చోటునుంచి కదలకుండా పైనుంచి ఎలా చూడాలి? ఎంత ఆలోచించినా ఆ దిమ్మ కాగితం మీద బల్లపరుపుగానే పడుండేది. షీటు ఇచ్చిన ప్రతిసారీ మూల మీద ఎర్ర సిరాతో 'రిపీట్' అని తిరిగొచ్చేది. చుట్ట చుట్టిన షీటు, టీ-స్క్వేరు అనే పొడవాటి చెక్క బద్ద పట్టుకుని బస్సెక్కితే కండక్టరు, "ఏటమ్మా, తాపీపనికెల్తన్నావా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నాకు నిజంగానే తాపీపనికి పోతే బావుణ్ననిపించేది.

ఒక సాయంత్రం నాలుగో 'రిపీట్' తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాను. చిన్నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు.

"ఏటైందే?"

"నాను సదవనేను సిన్నాన్నా. ఊరెల్లిపోతాను."

ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, షీటు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. గీతల మీద వేలు ఆనించలేదు, గడ్డంతోనే చూపించాడు.

"ఇదేటి?"

"ముందునించి సూసింది."

"మరి ఇది?"

"పైనించి సూత్తే ఎలాగుంటాదో అది. నాకు పైనించి కనపడదు."

చిన్నాన్న నావైపు ఆశ్చర్యంగా చూశాడు. "నాను పొద్దల్లా సూసేది అదే కదే," అన్నాడు.

ఆ ఆదివారం, ఓడలు లోపలికొచ్చే కాలవ పక్కనున్న కొండ మీదకి నన్ను తీసుకెళ్ళాడు. పైన గాలి మెత్తగా ఉంది. ఎండ పొగమంచులో కలిసి, నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. మా కిందనించి ఒక పెద్ద ఓడ చప్పుడు లేకుండా లోపలికి జరిగింది. ఓడ కదలడం నేను చూసింది అప్పుడే. అది ఓడలా లేదు. ఒక కొస సూదిగా చెక్కిన పొడవాటి పలకలా ఉంది. పొగగొట్టం గుండ్రటి చుక్క. లోపల సరుకు నింపే చోట్లు మూడు చతురస్రాలు. మనుషులు నడిచే టోపీలు.

"అదిగో," అన్నాడు చిన్నాన్న. "నా కేబిన్లోంచి ఇలాగే ఉంటాది. పొడుగు తెలుస్తాది, ఎడల్పు తెలుస్తాది. లోతు తెల్దు. కొక్కెం ఎంత దిగిందో నాకు తెల్దు."

"మరెలాగ దించుతావు?"

"ఓడ మీద అంచుని ఒకడు నిలబడతాడు. ఆడు పక్కనించి సూసి సేత్తో సైగ సేత్తాడు. ఆడికి లోతు తెలుసు, నాకు జాగా తెలుసు. ఇద్దరం కలిత్తేనే సరుకు దిగుతాది."

నేను కళ్ళు మూసుకున్నాను. కాగితం మీద రోజూ నన్ను వెక్కిరించే ఆ దిమ్మ చీకట్లోంచి నెమ్మదిగా లేచి, గుండ్రంగా తిరిగి, తన నెత్తి చూపించింది. ఒళ్ళంతా తేలికైపోయింది. కొండ దిగుతున్నంతసేపూ మేకల్నీ, మెట్లనీ, చిన్నాన్న బట్టతలనీ పైనుంచే చూసుకుంటూ వచ్చాను.

మర్నాడు ఎంతో ధైర్యంగా షీటు గీసిచ్చాను. మళ్ళీ 'రిపీట్'!

మా డ్రాయింగ్ మాస్టారు కృష్ణా జిల్లాలోంచి వచ్చినాయన. నా మొహం చూసి దగ్గరికి పిలిచాడు. "బొమ్మలు బానే వచ్చినయ్యమ్మాయ్. చోటు తప్పింది. పైనించి చూసిన టాప్ వ్యూని ముందు బొమ్మకి పైన వేశావేంటి? దిమ్మ మీద పైనించి వెలుగు పడితే నీడ ఎక్కడ పడుద్ది?"

"కింద సార్."

"మరి కిందే వెయ్యాల."

క్లాసులో ఆయన మాట నాకు పూర్తిగా అర్థమవడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి చెబితే చిన్నాన్న పడీపడీ నవ్వాడు. "పైనించి సూసింది కిందెడతారా? అలాగైతే మా కేబిను నేల మీద కట్టాలి!" పిన్ని వంటింట్లోంచి, ఈయన ఇంతగా నవ్వడం పెళ్ళిలో కూడా చూడలేదంది.

ఏడాది చివర డ్రాయింగ్ పాసయ్యాను, గొప్ప మార్కులేం కాదు. కెమిస్ట్రీ మాత్రం మళ్ళీ రాయాల్సొచ్చింది. రెండో ఏడు హాస్టల్లో చోటు దొరికింది. వెళ్ళేముందు రోజు సాయంత్రం చిన్నాన్న మొహమాటపడుతూ, "నా క్రేను గీత్తావేటే?" అన్నాడు.

గీశాను. ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి. ఎప్పుడూ దగ్గరకెళ్ళి చూడలేదు కాబట్టి ఆయన చెబుతుంటే గీశాను. నిచ్చెన తప్పువైపు వేస్తే దిద్దించాడు. చివరికి పైనుంచి గీసిన బొమ్మ మీద వంగి వెతికాడు.

"ఇందులో నానేడీ?"

"పైనించి సూత్తే కేబిను రేకే అవుపిత్తాది సిన్నాన్నా. నువ్వు దాని కిందుంటావు."

"అవున్లే. అందర్నీ నాను సూత్తాను గాని, నన్నెవుడు సూత్తాడు?" అన్నాడు. బాధగా కాదు, ఇన్నాళ్ళకి ఒక సంగతి తెలిసినట్టు.

నేను పెన్సిలు మళ్ళీ తీసుకున్నాను. అడ్డున్నవాటిని తెగిన గీతలతో చూపించాలని మాస్టారు చెప్పారన్నాను. రేకు మధ్యలో చిన్నచిన్న గీతలతో ఒక గుండ్రం మొదలెట్టాను. చిన్నాన్న నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"కాత్త పెద్దగా ఎయ్యి," అన్నాడు. "నా బుర్ర అంత సిన్నదేటి?"