దానంతట అదే దిగే మూత

మొన్న మనవరాలు ఊరి నడిమధ్య చౌక్తడాలో ఒక అద్దాల తలుపుల కొట్టుకి తీసుకెళితే, అక్కడ జపాను చేతిపని అని రాసి పెట్టిన కర్ర డబ్బా మూతను కొట్టమ్మాయి పళ్ళు బిగించి లాగవలసి వచ్చింది. అతుకుల్లో జిగురు కనిపిస్తున్న ఆ వస్తువుని చేతిపని అనడానికి సిగ్గుండాలి.

యుద్ధం ముగిశాక తన దేశం వెళ్ళకుండా, తన్లిన్‌లో బర్మా ఆమెను చేసుకుని ఉండిపోయిన ఒక జపాను ముసలాయన దగ్గర మా ఆయన పడుచుదనంలో కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే తరిమెన పని నేర్చుకున్నారు. కర్రను ముందు మోటుగా తొలిచి, ఏడాదిపాటు అటక మీద ఆరనిచ్చి, ఆ తరవాతే చివరి ఉలి పట్టేవారు. అలా చేసిన టీ ఆకు డబ్బాకి మూత పెట్టి వదిలేస్తే, లోపలి గాలిని తోసుకుంటూ మెల్లగా దానంతట అదే దిగేది. బర్మా తలుపులు మూసుకుని కూర్చున్న ఆ ఏళ్ళలో కరెంటు వస్తే వింతని మీ వయసు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందుకే మింగళ తౌంగ్‌న్యున్‌లో మా ఇంటి ముందు గదిలో, తరిమెనకు చుట్టిన తోలు పట్టాను అటూ ఇటూ లాగుతూ నేను తిప్పేదాన్ని, ఆయన చెక్కేవారు. పట్టా వదులైతే చాలు, నేను అలసిపోయానని ఆయనకి తెలిసిపోయేది.

ఆయన అన్నగారు, అంటే మా బావగారు, దాన్ని ఎగతాళిగా కొబ్బరిచిప్పల పని అనేవారు. సిపాయిల ప్రభుత్వం దిగిపోవాలని జనం వీధుల్లోకి వచ్చిన వానాకాలంలో అందరికంటే గట్టిగా అరిచిన గొంతు బావగారిదే; తుపాకులు మోగిన రోజు అందరికంటే ముందు తలుపు వేసుకున్నదీ ఆయనే. ఆ మధ్యాహ్నం కాలికి దెబ్బ తగిలిన ఒక కాలేజీ పిల్లను మా ఆయన కర్రల దొంతర వెనక కూర్చోబెట్టారు. కాసేపటికి బావగారు వచ్చి, గడప మీద రక్తపు చుక్కలు చూశారు.

"ఏటి తమ్ముడూ, ఎవుల్ని దాసినావు?"

"కర్రలున్నాయి అన్నా, సూసుకో."

బావగారు చూడలేదు. తిన్నగా వెళ్ళి వీధి మొగలో ఉన్న సిపాయిలకు చెప్పారు. నేను ఆ పిల్లను వెనక సందులోంచి తెలిసిన వాళ్ళింటికి చేర్చి వచ్చేసరికి మా ఆయన్ని లారీ ఎక్కిస్తున్నారు. "ఇంటి పరువు కోసమే సెప్పినాను" అన్నారు బావగారు ఆ సాయంత్రం, నేను వండిన అన్నమే కలుపుకుంటూ.

మరో వానాకాలానికి మా ఆయన జైలు నుంచి తిరిగొచ్చారు. కుడి బొటనవేలు వంగేది కాదు. చేసిన మూతలు కొన్ని వదులుగా పడేవి, కొన్ని ఇరుక్కునేవి. అన్నిటినీ ఆయనే పొయ్యిలో పెట్టారు. ఈలోగా అటక మీది మంచి డబ్బాలను బావగారు జపాను సరుకని చెప్పి ఆఫీసర్ల భార్యలకు పంచిపెట్టి, వార్డు పెద్ద అయ్యారు.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బావగారికి ఎనభై దాటాయి. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో మొదటి కుర్చీలో కూర్చుని, ఆ రోజుల్లో కాలేజీ పిల్లల్ని తాను ఎలా కాపాడారో చెబుతుంటే కుర్రకారు చేతులు కట్టుకుని వింటారు. అప్పట్లో ఆయన వస్తుంటే భయపడి లేచేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ భయపెట్టకుండానే అందరూ లేస్తున్నారు. మోకాళ్ళ నొప్పుల వంకతో నేను మాత్రం కూర్చునే ఉంటాను. మా ఆయన ఉంటే లేచేవారేమో. నాకున్నంత చెడ్డబుద్ధి ఆయనకు లేదు.