ఎండ పొడ లేని పెరట్లో మామిడల్లం

మా పక్కింటి సీతామహాలక్ష్మి పెరట్లో సూర్యుడు పదకొండేళ్ళలో ఒకే ఒక్కసారి ఉదయించాడు. సరే, కొంచెం పెంచి చెప్పాను. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఓ పది నిమిషాలు వచ్చిపోతాడు. అటు మా అపార్ట్‌మెంటు, ఇటు వాళ్ళ బియ్యం కొట్టు గోడ, మధ్యలో ఆరడుగుల నేల. ఏడాదికొక్కసారి గడప దాటే ఆవిడకు ఆకాశం కనిపించేది అక్కడే, అదీ చీర అంచంత.

కడియం నర్సరీల నుంచి తెప్పించిన గులాబీలు, కాగితంపూలు ఆ నీడలో వరసగా చచ్చాయి.

“శ్రావణంలోపు పచ్చగా ఏదీ నిలబడకపోతే రేకులు వేయించి బస్తాలు పెట్టేస్తాను,” అన్నారు భర్త వీరరాఘవులు. రేకులు పడితే ఆవిడకు మిగిలేది వంటింటి కిటికీ, దాని ఎదురుగా గోడ.

తొలకరి పడ్డాక కామవరపుకోటలో ఆడపడుచు అచ్చాయమ్మ ఇంటికి వ్రతానికి వెళ్ళింది. అక్కడ కొబ్బరిచెట్ల నీడలో, ఎవరూ పట్టించుకోకుండానే మామిడల్లం మొలకెత్తి ఉంది. తడిగా ఉన్నచోట సరస్వతాకు పాకింది. మన నేలవి, ఎండ అడగనివి.

“రెండు దుంపలు ఇస్తారా అచ్చాయమ్మగారూ?”

“అడిగి పట్టుకెళ్ళింది బతుకుతుందా వదినా? దొంగతనంగా లాక్కోవాలండీ. పైగా నేను తిట్టాలి, అప్పుడే ఏపుగా వస్తాయి. ఇదిగో, అటు తిరుగుతున్నా. కానివ్వండి.”

కాన్వెంటులో సిస్టర్ గ్రేస్ దొంగిలించరాదన్న ఆజ్ఞ మా చేత బట్టీ పట్టించారు గానీ, సొంతదారే అటు తిరిగి నిలబడితే పాపం ఎవరిదో చెప్పలేదు. సీతామహాలక్ష్మి నాలుగు దుంపలూ, గుప్పెడు సరస్వతాకూ పీకి టిఫిన్ క్యారియర్లో దాచేసింది.

అచ్చాయమ్మ మాట తప్పే మనిషి కాదు. మర్నాడే అన్నకు ఫోన్ చేసి మరీ తిట్టింది. “నా మామిడల్లం ఎవరో ఎత్తుకుపోయారన్నయ్యా. వాళ్ళ చేతులు పడిపోను.”

వీరరాఘవులు మండిపడ్డారు. “ఆడపడుచు సొత్తు ముట్టినవాడి ఇంట్లో పచ్చిగడ్డి కూడా మొలవదు. దొరికితే వేళ్ళతో సహా పీకించి వెనక్కి పంపిస్తాను.”

ఆషాఢానికి ఇక్కడ పెరడంతా పచ్చబడింది.

“ఎక్కడివే ఇవి?”

“నర్సరీవండీ.”

ఆయన రేకుల మాట మానేశారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోస్తూ ఆ దొంగను తిడతారు. ఆవిడ రెండు గోడల మధ్యా తల వంచుకుని వింటుంది. మామిడల్లం నడుమెత్తు పెరిగింది.

సగం మా బాల్కనీలోంచి చూశాను, సగం అచ్చాయమ్మ చెప్పింది. రాసింది చదివి వినిపిస్తే సీతామహాలక్ష్మి ముందు భర్త ఉన్న కొట్టువైపు చూసింది.

“ఆ వ్రతం రోజున నేను మా వంటింట్లోంచి బయటికే రాలేదు బాబాయిగారూ. ఇవి కొన్నవి. మీరు రాసినదాంట్లో ఒక్క ముక్కా జరగలేదు.”