రంగు పండకముందే

అద్దకం పనిలో రంగు పండటమంటే నూలుకు లోతుగా పట్టడం. ఏ నూలు చిలప ఎప్పుడు పండుతుందో తొట్టి దగ్గర నిలబడి చూపుతోనే చెప్పగల ఆమె, ఆ చూపు వల్లనే బీఎస్సీ రసాయనశాస్త్రం ప్రాక్టికల్ తప్పింది.

పాఠాలు చెప్పేది ప్రభుత్వ కళాశాల. ప్రశ్నపత్రం పంపేది, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. రాతపరీక్షల్లో ఎన్ని మార్కులొచ్చినా ప్రాక్టికల్‌లో విడిగా గట్టెక్కాలి. మూడేళ్ల కోర్సును ఆరేళ్లలో ముగించాలి. ఆమెకు ఆరో ఏడు ఇదే. ఈసారీ తప్పితే రాసిన పేపర్లన్నీ నీళ్లపాలు. ఆమె చేరేనాటికి బడిలో ఉన్న కూతురు ఇప్పుడు అదే కోర్సు చివరి ఏడాదిలో ఉంది.

"వదినా, నీకు పట్టా వస్తే తొట్టి పక్కన కుర్చీ వేయించాలేమో," అన్నాడు పక్క తొట్టి దగ్గరున్న మరిది.

"ముందు నీ తొట్టి కలియబెట్టు. మరకలు పడుతున్నాయి."

ఇంట్లో కూతురు పాఠం మరోలా ఉండేది. "ఆమ్లంలోకి క్షారం వదులుతున్నప్పుడు లేత గులాబీ కనిపించి నిలబడగానే ఆపేయాలమ్మా."

"అదేం రంగే? వెలిసిన జాకెట్టులా ఉంటుంది."

"ఆ వెలిసిందే కావాలి. పండించావంటే పోయినట్టే."

పరీక్షనాడు నియమం ప్రకారం వేరే కళాశాల నుంచి పరీక్షకుడు వచ్చాడు. ఆమె బ్యూరెట్ గొట్టంలో క్షారం నింపి, దాని కింద గాజు కుప్పెలోని ఆమ్లంలో రంగు చూపే సూచిక చుక్కలు వేసింది. క్షారం పడినచోట గులాబీ మెరిసి, కుప్పె తిప్పగానే మాయమవుతోంది. చివరికి ఒక చుక్కకు రంగు పోకుండా నిలిచింది, ఉందా లేదా అన్నంత లేతగా. ఇంకొక్క చుక్క వేయమని చెయ్యి లాగింది. ఆమె బ్యూరెట్ కుళాయి కట్టేసింది.

రెండోసారి చేసినా అదే కొలత వచ్చింది. పరీక్షకుడు కుప్పెను తెల్లపలక మీద పెట్టి చూశాడు.

"చక్కగా ఆపారమ్మా."

"మా అద్దకం షెడ్డులో అయితే దీన్ని చెడిందంటారు సార్," అంది. ఆయన నవ్వుతూ కొలతల కింద సంతకం పెట్టాడు.

ఫలితాలొచ్చిన రోజు కూతురు ఫోను పట్టుకుని షెడ్డుకే వచ్చేసింది. ఆమె తెర మీద తన నంబరు ఎదురుగా ఉన్న మాటను తడిచేతులతో ముట్టుకోకుండా నింపాదిగా చదివింది.

"ఇంతకీ రంగు పండిందా వదినా?" మరిది ఆత్రంగా అడిగాడు.

"పండలేదు."

అతని ముఖం వాడిపోయింది. కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది.

"అందుకే పాసయ్యాను," అని తలెత్తి చెప్పి, ఆమె మళ్లీ తొట్టి మీదికి వంగింది. ఆ నూలు మాత్రం ఇంకా పండాలి.