కట్లక్క అన్నయ్య చెరకు

ఆస్పత్రి వరండా చివర కట్ల గది. షుగరు రోగుల కాళ్ళ పుళ్ళు కడిగి కట్లు కట్టే నర్సును డాక్టర్లతో సహా అందరూ కట్లక్క అనే పిలుస్తారు. ఆమె కొత్తగా చేరినప్పుడు బల్ల ఖాళీగా ఉండేది. ఇప్పుడు దాని మీద గుడ్డ మార్చడానికే తీరిక దొరకడం లేదు.

ఒక రోజు తెర తొలగించుకుని కుంటుతూ లోపలికొచ్చింది సొంత అన్నయ్యే.

"చెప్పు కరిచిందే, అంతే!"

మేజోడు విప్పగానే వాసనకే ఆమెకు అర్థమైపోయింది. చిటికెన వేలు నల్లబడింది.

"నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను" అన్నాడు.

"నొప్పి తెలియకపోవడమే రోగం అన్నయ్యా. ఎంత మొత్తుకున్నా వినవు. పెరటి చెట్టు మందుకు పనికిరాదులే!"

నాన్న ఉన్నప్పుడు వాళ్ళ పొలంలో చిక్కుళ్ళు, వంకాయలు, ఆకుకూరలు కాసేవి. తర్వాత ప్రభుత్వం చెరకు వేసినవాళ్ళకే ఎరువూ కరెంటూ చవగ్గా ఇచ్చి, పంట కొనే పూచీ కూడా తీసుకుంది. కూరలు వేసినవాడికి ఒక్క వాన పడితే దిక్కు లేదు. అన్నయ్య ముందు సగం మార్చాడు, ఆనక గట్లదాకా చెరకే నాటాడు. చుట్టుపక్కలా అంతే. పంచదార కారుచవకైంది. లారీల్లో వాడిపోయి వచ్చే కూరలేమో కొనబోతే కొరివి. రైతు ఇంట్లోనే పొద్దున తియ్యటి టీ, బిస్కెట్లు కడుపు నింపుతున్నాయి.

"ఆకుకూరలు తినమంటావు. ఎక్కడివే? మా ఆవు కూడా చెరకాకే నములుతోంది."

కట్లక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదవి దాటలేదు. డాక్టరు చూసి, వేలు తీసేయాలన్నాడు.

"చెరకు తీపని వేళ్ళదాకా నమిలాను. ఇప్పుడు నా వేలికే వచ్చింది" అన్నాడు అన్నయ్య. అని, చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

వేలు తీసేశాక కట్టు మార్చడానికి సెలవు రోజుల్లో ఆమే వాళ్ళింటికి వెళ్ళేది. "బోరు పక్కన నాలుగు సాళ్ళు కూరలు వెయ్యరాదూ?" అని అడిగింది.

"పొలం కొలతలకొచ్చే ఆఫీసరు చెరకు తగ్గిందని సర్కారు సాయంలో కోత పెడతాడే."

అంతసేపూ గుమ్మంలో నిలబడి వింటున్న వదిన నోరు విప్పింది. "పెడితే పెట్టనివ్వండి. మీ వేలు కోసినదానికన్నా ఎక్కువా?"

మర్నాడే వదిన బోరు పక్కన చెరకు మోళ్ళు తవ్వి చిక్కుడు విత్తింది. ఆ ఏడు సాయంలో కోత పడనే పడింది. అన్నయ్య చాలా రోజులు ముభావంగా తిరిగాడు. కాని చిక్కుళ్ళు తిన్నాడు, పుండు మానింది.

ఆ సంగతి ఆస్పత్రిలో అన్నయ్య పక్క పొలం రైతు కాలికి కట్టు కడుతూ అతనికి చెప్పింది కట్లక్క. అతను తల అడ్డంగా ఊపాడు.

"నాకంత ధైర్యం లేదమ్మా."

ఆమె కట్టు ముడి వేసింది. నడుం పట్టేసింది. ఒకసారి నిటారుగా నిలబడి, బయట వరసలో ఉన్నవాళ్ళలో తర్వాతి మనిషిని పిలిచింది.