గొంతులో తెల్ల మచ్చ

తిరుపతిలో నేను ఫిజిక్స్ రీసెర్చి చేసే రోజుల్లో మా ల్యాబులో ఒక కౌంటరు ఉండేది. ఆకాశం నుంచి వచ్చే కణం తగిలితే అందులోని స్ఫటికం మినుక్కుమనేది. ఆ మినుకులెన్నో మీటరు చూపేది. రెండేళ్లుగా నేను ఆ అంకెలు రాసుకుంటున్నాను.

ఒకరోజు మా సారు స్నేహితుడైన డాక్టరు వచ్చారు.

"గొంతులో గడ్డ ఉండేవాళ్లకు కిరణాలు వదిలే రేడియో అయోడిన్ తాపిస్తే థైరాయిడ్‌లో చేరుతుంది. యాడ చేరిందో, యాడ చేరలేదో మీ మిషను సూడగలదా?"

సారు నా వైపు చూశారు. చూడగలదన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

కౌంటరుకు అన్ని దిక్కులూ ఒకటే, ఎటునుంచి తగిలినా లెక్కేస్తుంది. మాకు కావలసింది దాని కిందున్న చోటు మాత్రమే. అందుకని సన్నటి రంధ్రం వేసిన సీసం దిమ్మెను ముందు బిగించాం. వర్క్‌షాపు మేస్త్రి పాత లేతు మిషనులో, పిడి తిప్పితే కొంచెం కొంచెం జరిగే భాగాన్ని ఊడదీసి దానిమీద కౌంటరును కూర్చోబెట్టాడు.

మొదట వచ్చింది బంగారుపాళ్యం మామిడితోటల నుంచి ఒక అక్క, వెంట ఆమె భర్త. ముందురోజు ఆసుపత్రిలో అయోడిన్ తాగి వచ్చి, మా బల్లమీద వెల్లకిలా పడుకుంది.

"కదలొద్దక్కా," అన్నాను.

"ఊపిరి తీసుకోవచ్చునా?"

"తీసుకో. మాట్లాడొద్దు."

ఆమె నోరు మూసుకుంది. భర్త మేస్త్రి దగ్గరికి జరిగి, "ఇట్లాంటి మిషను ఇంకా యాడన్నా ఉండాదా అప్పా?" అన్నాడు.

"ఒకటే ఉండాది," అన్నాడు మేస్త్రి.

గంటన్నర పట్టింది. పిడి తిప్పడం, ఆగడం, అంకెను గ్రాఫు గడిలో రాయడం. తర్వాత ఎక్కువ అంకెలకు ఎర్ర పెన్సిలు, తక్కువ వాటికి పసుపు పూశాను. థైరాయిడ్‌కు ఉండే సీతాకోకచిలుక ఆకారం వచ్చింది. ఎడమ రెక్క మధ్యలో మాత్రం తెల్లగా ఉండిపోయింది. బొమ్మ కుదిరిందని నాకు సంతోషం వేసింది.

"గడ్డలో అయోడిన్ చేరలే. క్యాన్సరేమో, కోసి సూడాల," అన్నారు డాక్టరు, నాకు మాత్రమే వినిపించేలా. నా సంతోషానికి సిగ్గేసింది.

అక్క లేచి కూర్చుని కాగితం చూసింది. "ఈ తెల్లది ఏందమ్మా?"

"ఆడ మాకేమీ కనపడలేదక్కా."

"కనపడకపోతే మంచిదే కదా?"

నేను డాక్టరు వైపు చూశాను. డాక్టరు స్టూలు లాక్కుని ఆమె ముందు కూర్చుని, నెమ్మదిగా అంతా చెప్పారు. విన్నంతసేపూ ఆమె భర్త చెయ్యి పట్టుకునే ఉంది.

ఆపరేషన్ చేసి తీసి చూస్తే అది క్యాన్సరు కాదని తేలింది. మెడమీద కుట్ల గీతతో ఆమె, బుట్టెడు మామిడికాయలతో భర్త మా ల్యాబుకు వచ్చారు. ఆమె గొంతు కొంచెం బొంగురుపోయింది కానీ మాటలు తగ్గలేదు.

తర్వాత డాక్టరు ఇంకా చాలామందిని పంపారు. నా థీసిస్ ఒక ఏడాది వెనకబడింది. ఆలస్యానికి కారణం రాయవలసిన చోట, 'యంత్రం వేరే పనిలో ఉండినది' అని సారు రాసి సంతకం పెట్టారు.