స్టాఫ్‌రూం తలుపుకు అడ్డంగా నిలబడ్డ మా మేడం

మా కెమిస్ట్రీ మేడం పోయారని మొన్న ఉదయం స్నేహితురాలు ఫోన్ చేసింది. బడికి బయలుదేరుతున్న నేను అలాగే మంచం మీద కూలబడ్డాను. ఈరోజు నేను నలుగురు పిల్లలకు పాఠం చెబుతున్నానంటే ఆమె వల్లే.

ఆమె రోజూ బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సులో వచ్చేవారు. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేవారు. ఎవరైనా కళ్లు తుడుచుకుంటూ స్టాఫ్‌రూంకి వెళితే, ముందు తన చాయ్‌లో సగం ఇచ్చి, ఆ తర్వాతే ఏమైందని అడిగేవారు.

"భయమైతే భయమని చెప్పు బేటా. తప్పు చేసినట్టు చెప్పకు" అనేవారు.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా, నేను మాట్లాడనన్నందుకు ఒక అబ్బాయి నా ఫొటోను తన ఫొటోకు అతికించి ఫోన్లలో తిప్పాడు. అది మా ఊరు కమ్మర్‌పల్లి దాకా చేరింది. బాపు, అంటే మా నాన్న, అప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. మర్నాడే ఆయన తమ్ముడు, మా చిన్నబాపు కాలేజీకి వచ్చి, స్టాఫ్‌రూంలో అందరి ముందే నా రెక్క పట్టుకున్నాడు.

"సదివింది సాలు, నడువు. మా ఇజ్జత్ పోయింది."

మేడం లేచి వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఇజ్జత్ తీసినోడు గా క్లాసుల కూసున్నడు అన్నా. ఆనికి లేని శిక్ష ఈమెకెందుకు?"

"మీరు జరుగుండ్రి మేడం. గిది మా ఇంటి ముచ్చట."

"జరుగుత. ముందు ఆమెను అడుగు, వస్తదో రాదో."

అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. చిన్నబాపు పట్టు ఇంకా బిగిసింది.

"నేను రాను" అన్నాను.

మేడం అక్కడే బాపుకు ఫోన్ కలిపించారు. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పాను. బాపు అంతా విన్నాడు. తర్వాత, "తమ్మునికియ్యి బిడ్డా" అన్నాడు. ఏం చెప్పాడో నాకు వినిపించలేదు. చిన్నబాపు నా చెయ్యి వదిలేసి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే మేడం నన్ను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఫిర్యాదు పూర్తయ్యేదాకా పక్కనే కూర్చున్నారు. ఆ అబ్బాయిని కాలేజీ నుంచి పంపేశారు. గుసగుసలు మాత్రం ఆగలేదు. నేను క్యాంటీన్‌లో అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. ఆ రోజుల్లో మేడం బస్సు దిగి గేటు దగ్గర నా కోసం చూసేవారు. ఇద్దరం క్లాసు దాకా కలిసి నడిచేవాళ్లం.

మొన్న బోధన్‌లో మేడం పార్థివదేహంతో జనాజా లేచాక మగవాళ్లు వెంట వెళ్లారు. ఆడవాళ్లం ఇంట్లో చాపల మీద ఉండిపోయాం. కాలేజీ యూనిఫాంలోనే వచ్చిన ఒక అమ్మాయి గోడకు ఆనుకుని, "ఇగ మాకెవలున్నరు మేడం?" అని ఏడుస్తోంది. అంతలో ఆమెకు ఫోన్ వచ్చింది. పేరు చూడగానే ముఖం పాలిపోయింది. ఫోన్‌ను చాప మీద బోర్లించింది.

నేను లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా ఆ ఫోన్ ఆగకుండా వణుకుతూనే ఉంది.