బాపు, నేను ఏరుకున్న కంప్యూటర్

బాపు గల్ఫ్ నుంచి వచ్చినప్పుడు ఆయన వెంట ఒక చేతిసంచి తప్ప ఏమీ లేదు. ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. నెలల తరబడి జీతం లేకుండా క్యాంపులోనే ఉంచి, చివరికి చేతిలో టికెట్ పెట్టి పంపేశారు. ఈ సంగతి కూడా ఆయన చెప్పలేదు. అదే క్యాంపులో ఉన్న ఎల్లంతకుంట ఊరి ఆయన ఒకరు ఫోన్ చేసి అమ్మకు చెప్పారు. బాపు ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు అలాగే ఉన్నాడు. పిలిస్తే లేచి తినేవాడు. అడిగితే ఊఁ అనేవాడు.

మాది సిరిసిల్ల. గల్ఫ్ పోకముందు బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. ఆయన తిరిగి వచ్చేనాటికి మా వాడలో సగం సాంచాలు ఆగిపోయి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పెరిగినదాన్ని. అది లేని మధ్యాహ్నాలు నాకు భయంగా ఉండేవి. వెనక వీధిలో ఒక కార్మికుడు చాయ్ తాగి వస్తానని వెళ్లి ఇంటికి రాలేదు. మానేరు వాగు ఒడ్డున శవమై దొరికాడు. అప్పటి నుంచి అమ్మ బీడీలు చుట్టే చాటను లోపలి గదిలోంచి గుమ్మం దగ్గరికి మార్చుకుంది. వెలుతురు కోసమని చెప్పేది. ఆకు కత్తిరిస్తూ మధ్యమధ్య తలెత్తి బాపు మంచం వైపు చూసేది. మేమిద్దరం ఆ భయం మాట ఒకరితో ఒకరం ఎన్నడూ అనుకోలేదు.

నేనప్పుడు ఒక డిజైన్ సెంటర్లో పనిచేసేదాన్ని. చీర అంచులకు, కొంగులకు వేసే పూలూ నెమళ్లూ కంప్యూటర్ మీద గీసి ఇవ్వడం నా పని. ఆ గీతను బట్టే మగ్గం మీద నేత పడుతుంది. సాంచాలు ఆగిపోయాక సెంటర్‌కు పని తగ్గింది. దాన్ని నడిపే ఆయన సామాను సర్దుకుని సూరత్ వెళ్లిపోతూ నన్ను పిలిచాడు.

"అక్కడికెళ్లి పని పంపుత బిడ్డా. ఇంట్లనే చేసుకో. కానీ మంచి మిషన్ ఉండాలె. కొంగు ఫైలు తెరిస్తే మామూలుది ఆగిపోతది" అన్నాడు.

కోరుట్లలో మా మేనమామ ఉన్నాడు. సీసీ కెమెరాలు బిగిస్తాడు, అడిగినవాళ్లకు కంప్యూటర్లు కూర్చి ఇస్తాడు. ఫోన్ చేసి చెప్పాను.

"రెడీమేడ్‌ది కొనకు కోడలా. లోపట ఏం పెట్టిన్రో మనకు తెల్వది. సామాను మనమే ఏరుకుందాం. జగిత్యాలకు రా, నేను గక్కడికే వస్త. మరీ తక్కువది వద్దు, మరీ ఎక్కువది నీకు అక్కర లేదు. నడుమది చూద్దాం."

అమ్మ బీడీల పని మీద జమైన తన పీఎఫ్ డబ్బు తీసి ఇచ్చింది. ఇచ్చి, బాపుకు వినబడకుండా చెప్పింది. "మీ బాపును తోల్కపో. నాలుగు మొకాలు చూస్తడు."

బాపు రానంటాడనుకున్నాను. అంగీ తొడుక్కుని వచ్చాడు. వేములవాడలో బస్సు మారాం. యాత్రికుల రద్దీలో ఆయన చేయి పట్టుకుని ఎక్కించాను, చిన్నప్పుడు ఆయన నన్ను ఎక్కించినట్టు. కొడిమ్యాల దాటి జగిత్యాల చేరేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు.

జగిత్యాలలో కంప్యూటర్ల దుకాణం పెద్దదే. మామ అప్పటికే వచ్చి ఉన్నాడు. దుకాణం ఆయన మమ్మల్ని చూడగానే గ్రాఫిక్స్ కార్డు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. డిజైన్ పని అంటే ఇది లేకుండా కాదన్నాడు.

"ఈ పిల్ల ఆటలు ఆడదు, సినిమాలు ఎడిట్ చెయ్యదు" అన్నాడు మామ. "ప్రాసెసర్ల ఉన్న గ్రాఫిక్సే సరిపోతయి. ఆ పైసలు ర్యామ్ మీద పెడ్త."

అలా ఒక్కొక్కటీ తేలుతూ వచ్చింది. ప్రాసెసర్ మధ్యరకంది. తర్వాత కావాలంటే ఇంకో రెండు ర్యామ్‌లు పెట్టుకునేందుకు ఖాళీ ఉన్న మదర్‌బోర్డు. పాతకాలపు హార్డ్‌డిస్క్ కాకుండా ఎస్ఎస్‌డీ. మానిటర్ దగ్గర మాత్రం నేను మొండికేశాను. మామ పెద్దది చూపిస్తున్నాడు. నాకు రంగు కావాలి. నేను గీసిన అంచు నేసిన గుడ్డముక్క ఒకటి, దాని ఫైలూ వెంట తెచ్చుకున్నాను. మూడు మానిటర్ల మీద అదే ఫైలు తెరిపించి, గుడ్డముక్కను పక్కన పట్టుకుని చూశాను. పెద్దదాని మీద నా మెరూన్ రంగు ఇటుకరంగులా కనబడింది. చిన్నదాని మీద గుడ్డ ఎట్లా ఉందో అట్లాగే ఉంది. చిన్నదే తీసుకున్నాను.

ఇక మిగిలింది క్యాబినెట్, అంటే ఇవన్నీ బిగించే డబ్బా. దుకాణం ఆయన ముందూ పక్కనా అద్దాలు, లోపల రంగురంగుల లైట్లు వెలిగేది తెచ్చి పెట్టాడు. చూడ్డానికి పెళ్లి పందిరిలా ఉంది. మామకు కూడా నచ్చినట్టే ఉంది.

అంతసేపూ స్టూల్ మీద కూర్చుని ఉన్న బాపు లేచి వచ్చాడు. అద్దం మీద వేలితో తట్టాడు.

"ముందట మొత్తం అద్దమే ఉన్నది. గాలి ఏడికెళ్లి పోతది లోపటికి?"

దుకాణం ఆయన పక్కన ఉన్న సన్నటి సందు చూపించాడు.

"గీ సందు సాలదు" అన్నాడు బాపు. "మా వాడల దూది నుసి లేస్తది. నెలకే మూసుకపోతది. ముందట సన్న తూట్ల జాలి ఉండాలె. ఊడదీసి కడుగుకునేటట్టు ఉండాలె. గసోంటిది ఉన్నదా?"

మామ నావైపు చూశాడు. నేను మామవైపు చూశాను. బాపు వచ్చినప్పటి నుంచి అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినలేదు.

"అక్కడ నా పని గదే గద బిడ్డా" అన్నాడు, నా మొహం చూసి. "ఏసీల జాలీలు ఊడదీసుడు, కడుగుడు, మళ్ల పెట్టుడు. ఎడారి దుమ్ము. ఇక్కడ దూది."

దుకాణం ఆయన లోపలి నుంచి నల్లటి సాదా డబ్బా ఒకటి తెచ్చాడు. ముందంతా సన్నని జాలి. బాపు దాన్ని వంచి చూశాడు, జాలి ఊడదీశాడు, మళ్లీ పెట్టాడు, ఇంకోసారి ఊడదీశాడు. అదే తీసుకున్నాం. కరెంటు హెచ్చుతగ్గులు మా వాడలో ఎక్కువ కాబట్టి, బోర్డుకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మాత్రం మంచిది తీసుకొమ్మని కూడా బాపే అన్నాడు.

అక్కడి నుంచి అన్నీ మోసుకుని కోరుట్లలో మామ వాళ్లింటికి పోయాం. ముందుగదిలో చాప వేసుకుని కూర్చుని, మామ చెబుతుంటే నేను బిగించాను. ప్రాసెసర్‌ను దాని గూట్లో కూర్చోబెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాను. బాపు స్క్రూలు ఒక గిన్నెలో వేసుకుని, నేను చేయి చాపినప్పుడల్లా ఒకటి అందించాడు. అన్నీ అయ్యాక బటన్ నొక్కాను. ఫ్యాన్ ఒకసారి ఉలిక్కిపడ్డట్టు కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. అంతే.

వైర్లన్నీ తీసి మళ్లీ పెట్టాం. ర్యామ్ తీసి మళ్లీ పెట్టాం. చివరికి మామ తన దగ్గరున్న పాత ఎస్ఎంపీఎస్ తగిలించి చూస్తే స్క్రీన్ వెలిగింది. కొత్తది పాడు.

"ఏం కాదు. ఇది పాతది, దీని మీద నడపొద్దు. వచ్చే వారం జగిత్యాల పోయే పని ఉన్నది, మార్చుకొస్త" అన్నాడు మామ.

అది చిన్న సంగతే. కానీ బాపు మొహం మళ్లీ మూసుకుపోయింది. "నేను సెప్పిందే పాడుగైంది. నా చెయ్యి పడితే గంతే" అన్నాడు. కంప్యూటర్‌ను మోసుకుని తిరుగు బస్సెక్కాం. ఇంటికి రాగానే బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. వాకిట్లో ఉన్నాడేమో అనుకున్నాను. లేడు. ఆయన ఫోన్ అల్మారాలో ఉంది. అమ్మ అప్పుడే లేచింది. నన్ను చూసింది, మంచం చూసింది, గుమ్మంలోనే కూలబడింది.

"నాకు కన్నంటుకున్నది. ఒక్క జరసేపు" అంది.

చాయ్ హోటల్లో అడిగాను. ఆయన ఇదివరకు పనిచేసిన సాంచాల ఆసామి షెడ్డుకు పోయాను. పక్కింటివాళ్లు బస్టాండ్ వైపు వెళ్లారు. నా కాళ్లు మాత్రం మానేరు వైపు పోయాయి. అటు పోతున్నానని ఎవరికీ చెప్పలేదు. బ్రిడ్జి మీద నిలబడి రెండు ఒడ్డులూ చూశాను. బట్టలుతికేవాళ్లు ఉన్నారు, గొర్రెలున్నాయి. ఎండ ముదురుతోంది. కిందికి దిగి ఒడ్డు వెంబడి నడిచాను. దూరంగా తెల్లగా ఏది కనబడినా పరుగెత్తేదాన్ని. దగ్గరికి పోతే అది యూరియా సంచి అయ్యేది, రాయి అయ్యేది.

అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తలేదు. ఆగిపోయి మళ్లీ మోగింది. ఎత్తాను.

"బిడ్డా, నేను."

ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను.

"దుకాణపాయన ఫోన్ల కెళ్లి చేస్తున్న. ఆయన పాడైంది వాపస్ తీసుకొని ఇంకో కంపెనీది ఇస్తనంటున్నడు. రెండు రకాలున్నయి. ఒకదానికి వైర్లు జర పొట్టిగున్నయి. మన డబ్బాల బోర్డు ఎనకకెళ్లి తిరిగి రావాలె గద వైరు. పొడుగుది తీసుకోనా? హలో... ఇనవడ్తలేదా?"

"ఇనవడ్తంది బాపు."

"ఏడుస్తున్నవేంది?"

"ఏం లేదు. పొడుగుదే తీసుకో."

"గదే అనుకున్న నేను" అని పెట్టేశాడు.

ఆ ఇసుకలోనే కూర్చున్నాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గొర్రెలు కాసే ముసలాయన వచ్చి ఏమైంది బిడ్డా అని అడిగితే, మా బాపు జగిత్యాల పోయిండు అని చెప్పాను. ఆయనకు ఏం అర్థమైందో, మంచిదే గద అన్నాడు. అమ్మకు ఫోన్ చేశాను. బాపు జగిత్యాలలో ఉన్నాడని చెప్పాను. "ఏ బస్సుకు వస్తడట?" అంది.

మధ్యాహ్నం డబ్బా చంకలో పెట్టుకుని బాపు వచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్లు నలుగురు ఉన్నారు. ఆయన్ను చూసి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. అమ్మ లేచి నిలబడింది.

"చెప్పి పోతే ఏం పోతది నీకు? ఫోన్ ఎందుకు ఇడిసిపెట్టి పోయినవ్?"

"నువ్వు గప్పుడే పండుకున్నవ్. లేపబుద్ధి కాలె. ఫోన్ల చార్జింగ్ లేదు" అన్నాడు. "నీ తమ్ముడు వచ్చే వారం అన్నడు. నిన్ననే పాడైందాన్ని నా సంచిల ఏసుకొచ్చిన. గంత దాక పిల్ల పని ఆగద్దని పోయిన."

అమ్మ ఏడుస్తూ ఉంది. బాపు నా కాళ్లవైపు చూశాడు. మోకాళ్లదాకా ఇసుక. ఆయనకప్పుడు అర్థమైంది. డబ్బా కింద పెట్టి, అరుగు మీద కూర్చున్నాడు.

"గట్ల జేస్తననుకున్నరా?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అక్కడ ఉన్నప్పుడు అనుకున్న ఒకసారి" అన్నాడు మెల్లగా. "క్యాంపుల నీళ్లు కూడ బంద్ చేసినప్పుడు. ఎల్లంతకుంటాయన ఆ దినమంత నా పక్కనుంచి లేవలె. ఇంటికచ్చినంక ఎన్నడు అనుకోలె. మీ మొకం చూసుడు సిగ్గయింది. ఉత్త చేతుల్తోని వస్తి. గందుకే మాట్లాడలె."

"సిగ్గెందుకయా" అంది అమ్మ. "నువ్వు వస్తివి. ఇంకేం గావాలె మాకు."

ఆయన తలూపాడు. కళ్లు తుడుచుకున్నాడు. కొంచెంసేపటికి, అన్నం ఉన్నదా అని అడిగాడు. ఆయన నోరు తెరిచి అన్నం అడగడం వచ్చినప్పటి నుంచి అదే మొదటిసారి. అమ్మ పరుగున లోపలికి పోయింది.

తిన్నాక ఇద్దరం కూర్చున్నాం. కొత్త ఎస్ఎంపీఎస్ వైర్లు బోర్డు వెనక నుంచి తిప్పి తెచ్చాడు. సరిపోయాయి. నొక్కు అన్నాడు. నువ్వే నొక్కు బాపు అన్నాను. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ వెలిగింది. ఆయన ముందు జాలి దగ్గర అరచేయి పెట్టి చూసి, "గాలి గుంజుతంది" అన్నాడు, స్క్రీన్ వైపు చూడనైనా చూడకుండా.

సూరత్ నుంచి పని వచ్చింది. మొదట కొంగులు, తర్వాత అంచులు. మా వాడలో కూడా కొన్ని సాంచాలు మెల్లగా మొదలయ్యాయి, వాళ్లకూ గీసిచ్చాను. మంచి నిద్రపట్టిన రోజులు అవి. అమ్మ కూడా చాటను మళ్లీ లోపలి గదిలోకి తెచ్చుకుంది. ఫ్యాన్ కింద కూర్చుని బీడీలు చుడుతూ, నేను పూలకు రంగులు మారుస్తుంటే వంకలు పెట్టేది. చాలాసార్లు ఆమె చెప్పిందే బాగుండేది.

ఇంకోసారి గల్ఫ్ పంపిస్తామని ఏజెంటు ఒకడు ఇంటికి వచ్చాడు. బాపు అతనికి చాయ్ తాగించి పంపేశాడు. వేములవాడలో లాడ్జీలు ఎక్కువ, వాటిలో ఏసీలు ఎక్కువ. జాలీలు కడిగే పని, గ్యాసు చూసే పని అక్కడే దొరికింది. మొదటి రోజు టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వెళ్లింది.

"ఇది కూడ గల్ఫ్ దేశం పోయినట్టేనా?" అని అడిగింది నవ్వుతూ.

"పొద్దుమూకకముందే వస్తనే" అన్నాడు బాపు. "పప్పుల పుల్లగ చింతకాయ వెయ్యి."